ఫలితముల పట్టికయు జిల్లా కర్తవ్యమును
(ఒక పట్టణ పఠనమందిరమున చేసిన ఉపన్యాసపు పాఠము)



పదవ తరగతి పరీక్షా ఫలితములు వెల్లడియగు దినమున మన జిల్లాలన్నిటను ఒకే ప్రశ్న వినవచ్చుచుండును: మన జిల్లాకు ఎన్నవ స్థానము వచ్చినది? మొదటి స్థానము వచ్చినచోట మిఠాయిలు పంచుకొందురు. తుది స్థానము వచ్చినచోట ప్రధానోపాధ్యాయులను పిలిపించి సంజాయిషీ యడుగుదురు. పక్షము దినములు గడచునప్పటికి ఆ సంతోషమును ఈ యాగ్రహమును రెండును చల్లారిపోవును. వేసవి సెలవులు కడచును, బడులు తెరవబడును. డిసెంబరు మాసము రాగానే వెనుకబడినవారికొరకై నూరు దినముల ప్రణాళిక యని యొకటి వెలువడును. మరల ఏప్రిలు, మరల పట్టిక.

ఈ చక్రభ్రమణమున లోపించిన దేమో విచారించుటకే మేము నేడు మీ యెదుట నిలిచితిమి. పట్టికను చదువుట వేరు, పట్టికను బట్టి పని చేయుట వేరు. ఈ రెంటి నడుమనున్న యగాధములో ఏటేట వేలకొలది పిల్లలు పడిపోవుచున్నారు. ఇది అలంకారముగా చెప్పిన మాట కాదు. 2025 సంవత్సరమున ఆంధ్రప్రదేశమున పదవ తరగతి పరీక్షకు కూర్చున్నవారు 6,14,459 మంది. కృతార్థులైనవారు 4,98,585 మంది. మిగిలినవారు 1,15,874 మంది. ఒక పెద్ద పట్టణపు జనసంఖ్యకు సరిపోవు నీ పిల్లల సమూహము పట్టికలో ఎచ్చటను కానరాదు. నూటికి 81.14 అను సంఖ్య మాత్రమే కానవచ్చును.

మొదట ఆ నూటిలెక్కనే పరిశీలింతము. 2019లో నూటికి 94.88 మంది కృతార్థులైరి. 2022లో 67.26. 2023లో 72.26. 2024లో 86.69. 2025లో 81.14. ఒక దేశపు పిల్లల బుద్ధి మూడేండ్లలో ఇరువదియేడు పాళ్లు తగ్గి, మరి రెండేండ్లలో పందొమ్మిది పాళ్లు పెరుగునా? పెరుగదు, తగ్గదు. మారినది కొలబద్ద. 2019 నాటి మార్కులలో బడిలోనే వేయు అంతర్గత మార్కులు నూటికి ఇరువది చేరియుండెను. తరువాత అవి తొలగింపబడెను. కరోనా వ్యాధి కారణమున 2020, 2021లలో పరీక్షలే జరుగలేదు. పదునొకండు ప్రశ్నపత్రములు 2022లో ఏడైనవి, 2023లో ఆరైనవి. ఇక 2022లో పరీక్షకు కూర్చున్న పిల్లలు అంతకు ముందటి రెండేండ్లలో బడిముఖము సరిగా చూచినవారు కారు. నిరుడు మూరతో కొలిచి నేడు గజముతో కొలిచి, గుడ్డ పొట్టియైనదని నేతగానిని నిందించిన న్యాయమేమి? కావున ఫలితముల సమీక్షకు కూర్చుండువారు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇది: నిరుటికిని నేటికిని కొలబద్ద ఒక్కటేనా?

రెండవ ప్రశ్న జిల్లాల తారతమ్యమును గూర్చినది. పార్వతీపురము మన్యము జిల్లా 2023లో 87.47తోను, 2024లో 96.37తోను, 2025లో 93.90తోను వరుసగా మూడేండ్లు రాష్ట్రమున ప్రథమస్థానమున నిలిచెను. 2025లో అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64తో తుదిస్థానమున నిలిచెను. ఈ రెండు జిల్లాలును 2022 ఏప్రిలు 4వ తేదీన ఒక్క దినముననే పుట్టినవి. రెండును కొండజిల్లాలే, రెంటను గిరిజన కుటుంబములు విస్తారముగా నివసించుచున్నవి. కొండలలో చదువు రాదు, గిరిజనుల పిల్లలకు పరీక్షలు కొరుకబడవు అని పట్టణములలో కూర్చుండి పలుకువారి నోటికి పార్వతీపురపు మూడేండ్ల ఫలితము చాలిన సమాధానము. అట్లని అల్లూరి జిల్లా ఉపాధ్యాయులందరును సోమరులని తీర్పు చెప్పుటయు అన్యాయమే. ఎన్ని బడులలో గణితమునకు, ఆంగ్లమునకు ఉపాధ్యాయులు ఏడాది పొడుగునను ఉండిరి? పిల్ల యింట మాటలాడు భాషకును పాఠ్యపుస్తకపు భాషకును ఎంత దూరము? ఆరవ తరగతిలో చేరినవారిలో పదవ తరగతి పరీక్ష దనుక వచ్చినవారెందరు? ఈ తుది ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. నూటిలెక్క పరీక్షకు కూర్చున్నవారిలో కట్టబడును. ఎనిమిదవ తరగతిలోనే బడి విడిచి పత్తిచేనికో ఇటుకబట్టీకో పోయిన పిల్ల ఆ లెక్కలోనికి రానేరాదు. బలహీనులను ముందే జారవిడిచిన బడికి నూటికి నూరును, వారిని పట్టుకొని తుదివరకు తెచ్చిన బడికి నూటికి డెబ్బదియు రావచ్చును. పట్టిక మొదటిదానికి సన్మానము చేయును.

మహాశయులారా, మన దేశమున జిల్లాలవారీగా చదువును సమీక్షించుట నిన్న మొన్న పుట్టిన వింత కాదు. 1822లో చెన్నపురి గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని కలెక్టరులందరికిని బడుల లెక్కలు పంపుడని యుత్తరువిచ్చెను. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో తన నివేదికను పంపెను. నేటి అనంతపురపు సీమయు ఆనాడు ఆ జిల్లాలోనిదే. అతడు 533 బడులను, 6,641 మంది విద్యార్థులను లెక్కించెను. లెక్కతో నతడు తృప్తిపడలేదు. పిల్లలు పద్యములను గడగడ వల్లించుచున్నారు గాని అర్థము తెలియక చిలుకపలుకులు పలుకుచున్నారనియు, కావ్యభాషకును ఇంటిభాషకును గల యెడమే దీనికి కారణమనియు వ్రాసెను. అంతటితో నాగక, సీమగుడ్డలు వచ్చి మన నేతపని క్షీణించుటచే జనులు పేదలై పిల్లల చదువునకు వ్యయము చేయజాలకున్నారని కూడ వ్రాసెను. పరప్రభుత్వపు ఉద్యోగియే బడిలోని లోపమును బడి గోడలలోపల మాత్రమే వెదకక, తల్లిదండ్రుల కంచములోనికి తొంగిచూచెను. రెండువందల యేండ్ల తరువాత మన సమావేశములలో నూటిలెక్క చదివి వెడలిపోవుచున్న మనము ఆ పాతకాగితము ముందు తలవంచుకొనవలసియున్నది.

అయితే, ఫలితము తక్కువైన బడికి గట్టి శిక్షయు, ఎక్కువైన బడికి మంచి బహుమతియు నిచ్చిన చాలదా యని యడుగువారు కలరు. ఈ మందు లోకమునకు క్రొత్త కాదు. ఇంగ్లండులో 1862లో రాబర్టు లోవను మంత్రి దీనినే ప్రయోగించెను. తనిఖీదారు వచ్చి పిల్లలను చదువులో, వ్రాతలో, లెక్కలలో పరీక్షించును. తప్పిన ప్రతి విషయమునకును పిల్ల ఒక్కంటికి 2 షిల్లింగుల 8 పెన్నీల చొప్పున గ్రాంటు తగ్గును. ఏమి జరిగెను? పరీక్షకు రానిది బడిలో మాయమయ్యెను. ఉన్న ఒక్క వాచకమునే పిల్లలు కంఠస్థము చేసిరి. క్రొత్త పుస్తకము చేతికిచ్చిన చదువలేకపోయిరి. స్వయముగా తనిఖీదారుడై యుండిన మాథ్యూ ఆర్నాల్డు మహాకవియే ఆ పద్ధతిని తీవ్రముగా ఖండించెను. ఆ శతాబ్ది ముగియకమునుపే ఇంగ్లండు దానిని విడిచెను. ఫలితమునుబట్టి గ్రాంటు అను నీ పద్ధతి మన చెన్నపురి రాజధానిలోను నడచినది. 1904 నాటి భారతప్రభుత్వపు విద్యాతీర్మానముతో దానికి కాలము తీరెను.

ఇంతకంటెను ఘోరమైనది అమెరికాలోని అట్లాంటా నగరమున జరిగెను. అచ్చట పరీక్షాఫలితములు పెరుగకున్న ప్రధానోపాధ్యాయుల పదవులే పోవునట్టి వాతావరణ మేర్పడెను. ఫలితములు పెరిగినవి. ఆ నగరపు విద్యాధికారిణికి దేశమంతట గౌరవములు లభించెను. పిమ్మట రాష్ట్రప్రభుత్వమువారు విచారణ జరిపించి 2011లో నివేదిక ప్రకటించిరి. పరిశీలించిన 56 బడులలో 44 బడులందు మోసము జరిగెనని, 178 మంది ఉపాధ్యాయులును ప్రధానోపాధ్యాయులును అందు పాల్గొనిరని తేలెను. పిల్లల జవాబుపత్రములలో తప్పులను తుడిచి ఒప్పులను దిద్దిరి. 2015లో 11 మందిని న్యాయస్థానము దోషులని నిర్ణయించెను. ఉపాధ్యాయుల శిక్షను గూర్చి లోకము చాల మాటలాడెను. మా మనస్సును కలచినది వేరొకటి. చదువనేరని పిల్లకు చదువ వచ్చునని కాగితము చెప్పుటచే, ఆ పిల్లకు న్యాయముగా రావలసిన యదనపు బోధన రాకుండపోయెను. దొంగమార్కు రోగి చేతికిచ్చిన ఆరోగ్యపత్రమువంటిది. దానివలన వైద్యునికి మేలు, రోగికి మరణము.

శిక్షయు బహుమానమును వలదన్నచో, ఫలితములను ఉపాధ్యాయుల ముందుంచి వివరముగా చెప్పిన చాలునా? దీనికి సమాధానము మన తెలుగుసీమలోనే దొరకినది. 2005 మొదలుకొని అవిభక్త ఆంధ్రప్రదేశమున ఆదిలాబాదు, నిజామాబాదు, కడప, నెల్లూరు, విశాఖపట్టణము జిల్లాలలోని గ్రామ ప్రాథమిక పాఠశాలలలో ఒక పెద్ద పరిశోధన జరిగెను. ప్రభుత్వము, ప్రపంచబ్యాంకు, అజీం ప్రేంజీ ఫౌండేషను కలిసి నడపిన ఆ పనిని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను పండితులు గ్రంథస్థము చేసిరి. వంద బడులలో పిల్లలకు సంవత్సరాదిని పరీక్ష పెట్టి, ఏ పిల్ల ఏ విషయమున వెనుకబడినదో వివరముగ వ్రాసి ఉపాధ్యాయుల చేతికిచ్చిరి. ఎట్లు ఉపయోగించుకొనవలెనో చెప్పిరి. అప్పుడప్పుడు వచ్చి తరగతులను చూచిరి. చూచువారు వచ్చినప్పుడు ఉపాధ్యాయులు శ్రద్ధగా పని చేయుచున్నట్లే కనబడెను. సంవత్సరాంతమున పరీక్షించి చూడగా, ఆ బడుల పిల్లలకును ఇతర బడుల పిల్లలకును భేదము లేకపోయెను. కాగితము రోగమును చెప్పును, మందు కాజాలదు.

అదే పరిశోధనలో మరికొన్ని బడుల ఉపాధ్యాయులకు పిల్లల యభివృద్ధినిబట్టి పారితోషికము నిచ్చిరి. అచ్చట గణితమునను భాషయందును పిల్లలు నిజముగనే ముందునకు వచ్చిరి. వివరమైన నివేదికలు ఆ ఉపాధ్యాయులకు అక్కరకు వచ్చెను. మరి ఇంగ్లండులో చెడినది ఇచ్చట ఎట్లు ఫలించెను? ఇచ్చటనే సూక్ష్మము కలదు. పరీక్ష పెట్టినవారు బడివారు కారు, బయటివారు. ప్రశ్నలు వల్లెవేసినదానికే పరిమితములు కావు. అన్నిటికన్న ముఖ్యము, పారితోషికము ఎందరు గట్టెక్కిరని లెక్కింపలేదు. తరగతి సగటు నిరుటికన్న ఎంత పెరిగినదని లెక్కించెను. కావున పది మార్కుల పిల్ల ఇరువదికి వచ్చినను, ఎనుబది మార్కుల పిల్ల తొంబదికి వచ్చినను పంతులుగారికి సమానమే. ఏ పిల్లయు లెక్కకు వెలి కాలేదు.

మన నూటిలెక్క దీనికి విరుద్ధము. చాల విషయములలో 35 మార్కులు వచ్చిన గట్టెక్కినట్లు. అట్టి గీత యొకటి గీసి, దానిని దాటినవారినే లెక్కించినచో, గడుసైన బడి ఎవరిపై శ్రమపడును? ముప్పది మార్కుల చుట్టుప్రక్కల నున్నవారిపై. పది మార్కుల పిల్లపై శ్రమపడుట వ్యర్థము, ఎనుబది మార్కుల పిల్లపై శ్రమపడుట అనవసరము. ఎవరును దుర్మార్గులు కానక్కరలేదు, కొలబద్దయే వారిని అట్లు నడపును. జిల్లా సమీక్షలో నూటిలెక్కతోపాటు మార్కుల సగటును, నిరుటికంటె ఆ సగటు పెరిగిన తీరును చదువవలెనని మేము కోరుట ఇందుకే.

ఇక నూరు దినముల ప్రణాళికల మాట. పదేండ్లలో పోగైన లోటును నూరు దినములలో పూడ్చు భగీరథులు ఎచ్చటను లేరు. ఆ లోటు ఎప్పుడు మొదలగును? అసర్ అను దేశవ్యాప్త గ్రామీణ పరిశీలనను చూడుడు. ప్రభుత్వ బడులలో మూడవ తరగతి చదువుచు రెండవ తరగతి వాచకమును చదువగలిగినవారు దేశమున 2022లో నూటికి 16.3, 2024లో 23.4. కరోనాపిమ్మట ఇంత పెరుగుట సంతోషకరమే. అయినను నలుగురిలో ముగ్గురు ఆ పాఠము చదువలేకున్నారు. అయిదవ తరగతికి వచ్చినను 2024లో నూటికి 44.8 మంది మాత్రమే ఆ రెండవ తరగతి పాఠము చదువగలిగిరి. వాచకము చదువలేని పిల్ల ఆరవ తరగతిలో సామాన్యశాస్త్రము నేర్చునదెట్లు? మూడవ తరగతిలో పడిన తొర్ర పదవ తరగతిలో కనబడుచున్నది, అంతే. వేరు కుళ్లిన చెట్టునకు కొమ్మలకు నీరు చల్లి ఫలమేమి?

వేరును బాగుచేసిన ఊరొకటి కలదు. బ్రెజిల్ దేశపు ఈశాన్యభాగమున సియరా అను పేదరాష్ట్రములో సొబ్రాల్ అనునది యొక మధ్యతరహా పట్టణము. ఈ శతాబ్ది ఆరంభమున అచ్చటి పురపాలకవర్గము పరీక్షింపగా రెండవ తరగతి ముగించిన పిల్లలలో సుమారు సగముమందికి పదములు చదువుట రాదని తేలెను. వారు ఆ ఫలితమును దాచలేదు, ఎవరిని వెలివేయలేదు. ప్రతి పిల్లయు చిన్న తరగతులలోనే చదువ నేర్వవలెనను ఒక్క లక్ష్యము పెట్టుకొనిరి. ప్రధానోపాధ్యాయులను సిఫారసులపై నియమించుట మాని యోగ్యతాపరీక్షలపై నియమించిరి. ఏటికి రెండు పర్యాయములు బడితో సంబంధము లేనివారిచే ప్రతి పిల్లను పరీక్షింపజేసి, ఆ ఫలితమునుబట్టి ఉపాధ్యాయులకు తరచుగ శిక్షణ నిచ్చుచు వచ్చిరి. ఆ దేశపు విద్యాసూచికలో ప్రాథమిక తరగతులకు 2005లో 4.0 తెచ్చుకొనిన యూరు 2017లో 9.1 తెచ్చుకొని, అయిదువేలకు పైబడిన పురపాలకములలో ప్రథమస్థానము నందెను. పండ్రెండేండ్ల పట్టుదల అది. పాలకులు మారిన మాత్రమున పద్ధతి మారకుండుట అందలి రహస్యము.

ఆ సియరా రాష్ట్రము చేసిన మరియొక పని మాకు మిక్కిలి నచ్చినది. ఉత్తమ ఫలితములు తెచ్చిన బడికి బహుమానధనమును రెండు భాగములుగ నిత్తురు. మొదటి భాగము వెంటనే. రెండవ భాగము రావలెనన్న, ఆ బడి వెనుకబడిన బడి నొకదానిని చేయిపట్టుకొని సాయపడవలెను. గెలిచినవాని కర్తవ్యము గెలుపుతో ముగియదని ధనముద్వారా చెప్పుట యిది. పార్వతీపురపు ఉపాధ్యాయులు పాడేరు కొండకు వెళ్లి, తాము చేసినదేమో చూపి, అచ్చటి కష్టములు తాము చూచి వచ్చు దినమున, మన జిల్లాల పట్టిక పందెపుపట్టికగా గాక సహకారపట్టికగా మారును. దానికి పెద్ద ధనము నక్కరలేదు.

ఇంతవరకు విన్నదానినిబట్టి జిల్లా సమీక్షా సమావేశము చేయవలసిన పనులను క్రోడీకరింతము. ప్రతి బడిని ఇతర బడితో పోల్చుటకు ముందు దాని నిరుటి స్థితితో పోల్చవలెను. ఆరవ తరగతిలో చేరినవారి సంఖ్యను పరీక్షకు వచ్చినవారి సంఖ్య ప్రక్కన వ్రాయవలెను. ఏ విషయములో, ఏ పాఠములో ఎక్కువమంది తప్పిరో తేల్చి, ఆ విషయమునకు ఆ బడిలో ఉపాధ్యాయుడు ఉండెనా లేదా యను గడిని అదే పట్టికలో చేర్చవలెను. ఖాళీలను నింపవలసినది పై యధికారులు. కావున సంజాయిషీ పైకి కూడ పోవలెను. తప్పినవారి పేర్లు గోడలకెక్కింపక, ప్రతివారికి ఒక ఉపాధ్యాయుని బాధ్యునిగా చేసి, అనుబంధపరీక్ష దనుక వారిని విడువరాదు. మూడవ తరగతిలో ప్రతి పిల్ల చదువును బయటివారు పరీక్షింపవలెను; ఆ పరీక్షకు బహుమానము నుండరాదు, దండనయు నుండరాదు. అప్పుడుగాని నిజము బయటపడదు. పరీక్షించిన పిమ్మట, ప్రథమ్ సంస్థవారు పలుచోట్ల చేసి చూపినట్లు, తరగతిని బట్టి గాక వచ్చిన చదువును బట్టి పిల్లలను జట్లుగ చేసి దినమున కొంతసేపు బోధింపవలెను.

ఇవి అధికారుల పనులు. మన పని లేదా? 2009 నాటి విద్యాహక్కు చట్టము బడి యాజమాన్యసంఘమును ఏర్పరచినది. అందు ముప్పాతికవంతు తల్లిదండ్రులే యుండవలెను, సగము మంది స్త్రీలుండవలెను. ఆ సంఘములు కాగితములపై నున్నవి. వాని సమావేశములకు మీలో చదువుకొన్నవారు తోడుపోయి, పట్టికను తల్లులకు తెలుగులో చదివి వినిపింపుడు. "మా బిడ్డ మార్కు లెన్ని" యని మాత్రమే యడుగుచున్న తల్లి, "మా బిడ్డకు ఏది రాలేదు, దానికి మీరేమి చేయుదురు" అని యడుగ నేర్చిన దినమున జిల్లా మారును. ఈ పఠనమందిరమే సాయంకాలము ఒక గంట చిన్నపిల్లల కొరకు తెరవబడుగాక. పత్రిక చదువు పెద్దల ప్రక్కన బొమ్మల పుస్తకము చదువు పిల్ల కూర్చున్న తప్పేమి?

మిత్రులారా, దేశభక్తి యను మాట మనకు ప్రియమైనది. దేశమనగా మ్యాపులోని రంగు కాదని ఎరిగిన జాతి మనది. ఈ యేటి పట్టికలో కానరాక మిగిలిన పిల్లయు దేశమే. ఆ పిల్లను పేరుపేరున వెదకి, దానికి రానిదేమో తెలిసికొని, వచ్చునంతవరకు విడువకుండుటయే ఫలితముల సమీక్ష. ఆ పని సాగుచున్న జిల్లాకు ఎన్నవ స్థానము వచ్చినను దిగులు లేదు. సాగని జిల్లాకు ప్రథమస్థానము వచ్చినను గర్వకారణము లేదు.